పాపారావు గారి చెరువులో పాపారావు గారు లేరు

వ్యాపార సంస్థల్లో సాఫ్ట్‌వేర్ పెట్టించడం నా వృత్తి. తాడేపల్లిగూడెంలో మొదలుపెట్టాను, ఏలూరులో మానేశాను. బియ్యం మిల్లులు, ఉల్లిపాయల కొట్లు, చేపల మేత కంపెనీలు, ఐసు ఫ్యాక్టరీలు ఎన్నో తిరిగాను. సరుకు ఎక్కడుంది, ఎవరికి వెళ్ళాలి, ఎవరు అడిగారు అన్న వివరాలను కాగితాల మీద నుంచి కంప్యూటర్లోకి ఎక్కించడమే ముప్పై ఏళ్ళూ చేసిన పని. చివరి రెండు మూడేళ్ళు ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏఐ అసిస్టెంట్‌ని కలిపే పని కూడా మీద పడింది. లోపలున్న వివరాలను అది తనంతట తానే చదువుకుంటుంది. ఆడమనిషి గొంతుతో, చక్కటి తెలుగులో ఫోను చేసి చెబుతుంది. అవతలివాళ్ళు చెప్పింది విని మళ్ళీ సాఫ్ట్‌వేర్లో రాసుకుంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఏ కోర్సు చదవాలని నన్ను అడుగుతుంటారు. కోర్సుల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక పెద్దమనిషి గురించి. ఆయన ఉద్యోగం నా మూలంగా పోయింది. ఆ తర్వాత ఒక రైతు చెరువు కూడా నా మూలంగానే పోయింది. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి, కానీ ఆ తప్పు మీరు చేయకండి.

కుర్చీ పాఠం

నా మొదటి పై అధికారి కామేశ్వరరావు గారు. తాడేపల్లిగూడెంలో చిన్న ఆఫీసు, మేం నలుగురం. ఆయనది ఒకటే నియమం. ఏ కొట్టుకి వెళ్ళినా, ఆ పని చేసే మనిషి పక్కన కుర్చీ వేసుకుని మూడు రోజులు ఊరికే కూర్చోవాలి. చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. నాలుగో రోజునే కీబోర్డు ముట్టుకోవాలి. జీతమిచ్చి కూర్చోబెట్టే మనిషిని చూసి మేం వెనక నవ్వుకునేవాళ్ళం.

ఉల్లి మార్కెట్‌లో ఒక కొట్టుకి నన్ను పంపారు. అక్కడి గుమస్తా ముందొచ్చిన సరుకుని వెనక్కి నెట్టి, వెనకొచ్చిన దాన్ని ముందు లారీ ఎక్కించడం మొదటి రోజే చూశాను. ఇదేదో లాలూచీ వ్యవహారం అనుకున్నాను. మిగతా రెండు రోజులు కూర్చోకుండానే, ముందొచ్చింది ముందే వెళ్ళాలని సాఫ్ట్‌వేర్లో బిగించేశాను. వారం తిరక్కుండా ఒక లోడు దారిలోనే కుళ్ళిపోయింది. తడిసి వచ్చిన ఉల్లిని రెండు రోజులు ఆరబెట్టి గానీ పంపకూడదు. ఏది తడిసిందో గుమస్తాకి సంచి దగ్గర నిలబడితే తెలిసిపోతుంది.

కామేశ్వరరావు గారు తిట్టలేదు. "అతను వాసన చూస్తున్నాడయ్యా. నీ స్క్రీనుకి ముక్కుందా?" అన్నారు.

ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే పాఠం కూడా పోయిందని చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

వెంకటరత్నం గారు

ఏలూరులో ఒక చేపల మేత కంపెనీ ఉంది. పేరు అక్కర్లేదు. యజమాని ప్రసాద్ గారు చెడ్డవారు కాదు, నిదానం తక్కువ. వాళ్ళకి సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే, దాని బాగోగులు చూసిందీ నేనే. మేత కొనే రైతులకి నీళ్ళ పరీక్ష ఉచితం. గుండుగొలను దగ్గర ఒక చిన్న ల్యాబు పెట్టారు. కొల్లేరు వైపు రైతులు పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్ళు తెచ్చి ఇచ్చి వెళ్ళిపోతారు. మధ్యాహ్నానికి ఫలితం సాఫ్ట్‌వేర్లోకి ఎక్కుతుంది. ఏలూరు ఆఫీసులో వెంకటరత్నం గారు అది చూసి, నీళ్ళు బాగోని రైతులకి ఫోను చేసేవారు.

ఆయన ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నారు. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవారు. ఆయన ఫోను మాట్లాడితే పక్కవాళ్ళకి పెళ్ళివారిని పలకరిస్తున్నట్టు ఉండేది. "ఏవండీ, భోజనం చేసేరా? అమ్మగారికి మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ? ఆయ్... మరేంలేదండి, నీళ్ళు కాస్త తేడాగా ఉన్నాయి. రేపు మేత కట్టకండి, కొత్తనీరు పెట్టండి" అనేవారు. మా వైపు చేపల మేతని చిల్లులున్న సంచుల్లో పోసి, చెరువులో పాతిన వెదుళ్ళకి కడతారు. నీళ్ళు చెడ్డ రోజున మేత కడితే, తినగా మిగిలింది కుళ్ళి నీళ్ళు ఇంకా చెడతాయి. ఒక్క ఫోను అందక చెరువు మొత్తం పోవచ్చు.

ప్రసాద్ గారు ఒక రోజు నన్ను పిలిచి, "ఏవండీ, వెంకటరత్నం గారు చేసే పని ఈ అసిస్టెంటు చేసేస్తుందా?" అని అడిగారు.

"ఇంకా బాగా చేస్తుందండి. ఫలితం ఎక్కిన నిమిషానికి ఫోను వెళ్ళిపోతుంది. ఆదివారం కూడా" అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ ఆ మాట అనడానికి ముందు నేను ఆయన పక్కన మూడు రోజులు కూర్చోలేదు. ఆ తర్వాత కూర్చున్నది ఒక్క పూట. "సాఫ్ట్‌వేర్లో మీరు ఏమేం చూస్తారండీ?" అని అడిగాను. ఆయన ఓపిగ్గా ఒక్కో పేజీ చూపించారు. చివర్లో, "ఫోను చేసే ముందు కాస్త ఆలోచించుకుని చేస్తానండి" అన్నారు. "ఇక మీకా శ్రమ ఉండదండి" అని నవ్వుతూ లేచాను. దేని గురించి ఆలోచిస్తారని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆయన్ని రిటైర్మెంటుకి రెండేళ్ళు ముందుగానే పంపించేశారు. శాలువా కప్పారు, పూతరేకులు పంచారు. అందరికీ నమస్కారం పెట్టి ఆయన నా దగ్గరికి వచ్చి, "నా నంబరు మారదండి. ఎవరైనా అడిగితే ఇవ్వండి" అన్నారు. అలాగేనన్నాను.

నేను పెట్టిన గడి

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. చాలా ఏళ్ళ కిందట ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్లో రైతుల వివరాల పేజీ తయారు చేసినప్పుడు ఒక గడి పెట్టాను. కొత్త రైతు పేరు ఎక్కించాలంటే లీజు కాగితం నంబరు తప్పనిసరి. అది లేకపోతే పేజీ ముందుకు కదలదు. పని పక్కాగా చేశానని గర్వపడ్డాను.

మా వైపు చేపల చెరువుల లీజుల్లో సగం నోటిమాట మీదే నడుస్తాయి. ఇద్దరు పెద్దమనుషుల ముందు కూర్చుని అనుకుంటారు, అయిపోతుంది. కాగితం అడిగితే నమ్మకం లేదన్నట్టు. చెరువు చేతులు మారినా పేరు మాత్రం మారదు. మొదట లీజుకి తీసుకున్నవాడి పేరే దానికి ఊరంతా పిలిచే పేరు. కొత్తగా వచ్చినవాడు కూడా, ఎక్కడ సాగు చేస్తున్నావంటే, "పాపారావు గారి చెరువండి" అనే చెబుతాడు.

వెంకటరత్నం గారు ఏం చేసేవారంటే, నా గడి ఒప్పుకోదు కాబట్టి సాఫ్ట్‌వేర్లో పాత పేరు, పాత నంబరే ఉంచేసేవారు. ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, వాళ్ళ నంబరెంత అన్నది ఆయన తలలో ఉండేది. మూడు వందల పైచిలుకు చెరువులు. ఫోను చేసే ముందు ఆయన ఆలోచించుకునేది అదే.

నేను అసిస్టెంట్‌ని కలిపింది సాఫ్ట్‌వేర్‌కి. ఆయన తలకి కాదు.

ముసురు పట్టిన రోజులు

ఏడుకొండలు అనే రైతు గుండుగొలను అవతల ఎనిమిదెకరాల చెరువు చేస్తున్నాడు. అదే పాపారావు గారి చెరువు. శీలావతి, బొచ్చె చేపలు కలిపి పెంచుతున్నాడు. పదిహేను రోజుల్లో పట్టుబడి, అంటే చేపలు పట్టి అమ్మడం, పెట్టుకున్నాడు. అసిస్టెంటు ఫోన్లు మొదలుపెట్టి అప్పటికి రెండు వారాలే అయింది. రెండు రోజులుగా ముసురు, ఎండ జాడ లేదు. పొద్దున్నే సీసా తెచ్చి ల్యాబులో ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఫలితం ఎక్కింది. నీళ్ళలో అమ్మోనియా బాగా పెరిగింది. నేను ప్రసాద్ గారికి మాటిచ్చినట్టే నిమిషంలో ఫోను వెళ్ళింది.

పాపారావు గారికి వెళ్ళింది. ఆయన ఆ చెరువు వదిలేసి ఆరేళ్ళయింది. చింతలపూడిలో ఆయిల్‌పామ్ తోట చూసుకుంటున్నారు. ఆ ఫోను రికార్డింగు తర్వాత విన్నాను. అసిస్టెంటు చెరువు గురించి అంతా వివరంగా చెప్పింది. పెద్దాయనకి అదేదో కంపెనీ ప్రకటన అనిపించి ఉంటుంది. మాట్లాడుతున్న ఆడపిల్లని మధ్యలో ఆపడం మర్యాద కాదనుకున్నారు. "ఆయ్... ఆయ్... అలాగేనమ్మా. సంతోషం" అని పెట్టేశారు. అది నా చెరువు కాదు అనలేదు. గోదావరి మనిషి అలా అనడు, ముఖం మీద కాదనడం మాకు చేతకాదు. రైతు ఒప్పుకున్నారని అసిస్టెంటు రాసేసుకుంది.

ఇక్కడ ఏడుకొండలు సాయంత్రం వరకు ఫోను కోసం చూశాడు. మూడేళ్ళుగా అతనికీ వెంకటరత్నం గారికీ మధ్య ఉన్న లెక్క ఒకటే, ఆయన ఫోను చేయలేదంటే నీళ్ళు బాగున్నట్టే. మర్నాడు చీకటితోనే ఎప్పటిలా మేత కట్టాడు.

తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. ఎనిమిదింటికల్లా చచ్చిన చేపలతో చెరువు తెల్లబడిపోయింది.

కబురంది నేను వెళ్ళేసరికి పదయింది. ఏడుకొండలు గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎవరి మీదా అరవడం లేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది.

"ఫోను రాలేదండి" అన్నాడు.

నేను నా ఫోను తీసి చూపించాను. ఆ క్షణంలో నాకు కావలసింది నా తప్పు లేదని నిరూపించుకోవడం. సిగ్గుపడుతూ రాస్తున్నాను. "వెళ్ళిందయ్యా. నిన్న పన్నెండున్నరకి. మాట్లాడారు కూడా" అన్నాను.

"ఎవరు మాట్లాడేరండి?"

"పాపారావు గారు."

అతను నా ముఖంలోకి చూశాడు. "పాపారావు గారు ఇక్కడ లేరు కదండీ" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "వెంకటరత్నం గారికి తెలుసండి. ఆయన్నెందుకు తీసేసేరండి?" అని అడిగాడు.

నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

నాలుగు రోజులు

కంపెనీలో గగ్గోలు లేచింది. వెతికి చూస్తే చెరువుల్లో మూడో వంతుకి పాత పేర్లే ఉన్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నాకు తెలియంది కాదు, కానీ ఆ మందు వేసింది నేనే అయినప్పుడు సామెత గొంతులో అడ్డం పడుతుంది. ప్రసాద్ గారు అసిస్టెంటు ఫోన్లు ఆపించేశారు. "వారం రోజులు టైమిస్తున్నానండి. ఈ పేర్ల సంగతి తేలకపోతే వెంకటరత్నం గారిని మళ్ళీ పిలిచేద్దాం. మిషను పక్కన మనిషి ఉంటాడు" అన్నారు.

ఈ మాట గుర్తుంచుకోండి. ఆయన్ని వెనక్కి పిలిచే దారి ఒకటి తెరిచే ఉంది. నేను ఏమీ చేయకుండా వారం ఊరుకుంటే చాలు.

మర్నాడే నేను ఏలూరు పవర్‌పేటలో వెంకటరత్నం గారి ఇంటికి వెళ్ళాను. ఆయనకి అంతా తెలుసు. ఏడుకొండలు ముందు ఆయనకే ఫోను చేశాడట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎనిమిదెకరాలండి. పదిహేను రోజుల్లో పట్టుబడండి" అంటూ అదే మాట రెండు మూడు సార్లు అన్నారు. వాళ్ళావిడ కాఫీ తెచ్చి పెట్టి, ఆయన ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయారు.

లీజు కాగితం గడి తీసేశాననీ, ఇప్పుడు సాగు చేస్తున్నవారి పేరు, నంబరు ఎక్కించడానికి వేరే గడి పెట్టాననీ, ఆ పేర్లు చెప్పాలనీ అడిగాను.

"ఇవన్నీ చెప్పేశాక నన్ను మళ్ళీ రమ్మంటారా అండీ?" అన్నారు.

"ప్రసాద్ గారిని అడుగుతానండి" అన్నాను.

ప్రసాద్ గారు ఏమన్నారో నేను చెప్పలేదు. పేర్లు ఇవ్వకపోతే మిమ్మల్ని పిలుస్తారు, ఇచ్చేస్తే పిలవరు అని చెప్పలేదు. చెరువు విషయంలో నాది తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది. అప్పటికి ఇంకో రెండు నెలల్లో నేనూ పని మానేయబోతున్నాను. చివరి పని చెడిపోయి మిగలకూడదని, అదొక్కటే నా బాధ.

ఆయన తెలివైన మనిషి. నేను చెప్పకపోయినా ఊహించి ఉంటారు. అయినా మొదలుపెట్టారు. "రాసుకోండి. రేపు ఇంకో చెరువు పోతే ఆ ఉసురు మనకి తగులుతుంది" అన్నారు.

కాగితం లేదు, పుస్తకం లేదు. కళ్ళు మూసుకుని దెందులూరు దగ్గర మొదలుపెట్టేవారు. హైవే వెంబడి బండి మీద పోతున్నట్టు ఒక్కో గట్టూ దాటుకుంటూ గుండుగొలను దాకా వచ్చేవారు. అక్కడ నుంచి కొల్లేరు వైపు దిగేవారు. "ఎడం పక్క సుబ్బారావు గారిది. ఇప్పుడు వాళ్ళ బావమరిది చేస్తున్నాడండి, రాసుకోండి. దాని తర్వాతది ఇద్దరు కలిసి చేస్తున్నారు. పెద్దవాడికి ఫోను చేస్తే తమ్ముడికి కోపం, ఇద్దరికీ చెప్పాలండి" అంటూ సాగేవారు. నంబర్లన్నీ నోటికే. నాలుగు రోజులు పట్టింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన ఆఫీసులో ఉండగానే కూర్చోవలసిన కుర్చీ అది.

నాలుగో రోజు మధ్యాహ్నం పాపారావు గారి చెరువు మిగిలింది. ఏడుకొండలు ఎలాగో అప్పోసొప్పో చేసి మళ్ళీ చేపపిల్ల వదిలే ప్రయత్నంలో ఉన్నాడు.

"దీనికి నా నంబరు రాయండి" అన్నారు.

"అదేంటండీ?"

"వాడు కంపెనీ ఫోను తియ్యనని ఒట్టు పెట్టుకున్నాడండి. సీసా అయితే తెచ్చిస్తాడు గానీ, మిషను మాట విననంటున్నాడు. నాకు చెప్పమనండి, నేను వాడికి చెబుతాను. నాకేం పనుందండి?"

రాశాను.

ప్రసాద్ గారిని అడిగాను కూడా. ఒక్కసారే అడిగాను, అదీ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి. "ఇప్పుడెందుకండీ, అన్నీ వచ్చేశాయిగా" అన్నారాయన. అది నిజమే. అన్నీ వచ్చేశాయి. నేను రెండో మాట అనలేదు.

మీకు చెప్పదలచింది

అసిస్టెంటు మీద నాకు కోపం లేదు. ఉన్నది చదివింది, చెప్పమన్నది చెప్పింది. ఇప్పుడు ఆ కంపెనీలో అది బాగా పనిచేస్తోంది, చెరువులు నిలుస్తున్నాయి. మీరు కూడా ఇలాంటివి ఎన్నో కలుపుతారు, కలపాలి కూడా. కానీ సాఫ్ట్‌వేర్లో ఏముందని అడగడంతో ఆగకండి. ఏది లేదు, ఎందుకు లేదు, అది ఎవరి దగ్గరుంది అని అడగండి. మీరు పెట్టిన ఏ గడి వల్ల జనం నిజం రాయడం మానేశారో వెతకండి. తెలిసిన మనిషి దొరికితే, అతని దగ్గరున్నదంతా తీసేసుకున్నాక అతనేమవుతాడన్నది కూడా మీ పనిలో భాగమే. అది నా పని కాదనుకున్నాను. అందుకే నా మాటకి ఎంత విలువివ్వాలో మీరే చూసుకోండి.

రికార్డింగులు

నా చివరి వారంలో, ఫోన్లు సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూడమన్నారు. ఒక్కో చెరువు రికార్డింగులూ తీసి విన్నాను. ఏడుకొండలు చెరువుకి సంబంధించినవి కూడా విన్నాను, అంటే వెంకటరత్నం గారివి.

మొదటి ఫోనులో ఆయన అసిస్టెంటు చెప్పిందంతా విని, "ఆయ్, ఇప్పుడే చెబుతానండి" అని పెట్టేశారు. రెండోదీ అంతే. మూడోసారి అసిస్టెంటు ముగించాక ఆయన ఫోను పెట్టెయ్యలేదు. తర్వాత ఆయన గొంతు, "ఏవండీ, ఆఫీసులో అందరూ బాగున్నారా?" అంది.

"క్షమించండి, ఆ వివరం నా దగ్గర లేదు. మీ చెరువు గురించి ఇంకేమైనా తెలుసుకోవాలా?"

"లేదండి. ప్రసాద్ గారు వేళకి భోజనం చేస్తున్నారా? ఆయనకి షుగరండి."

"క్షమించండి, ఆ వివరం నా దగ్గర లేదు."

"పర్లేదండి. ఉంటానండి."

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫోనులోనూ ఆయన అదే అడిగారు. ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చెరువు సంగతి శ్రద్ధగా వినడం, చివర్లో మెల్లగా అందరూ బాగున్నారా అనడం.

ఆఫీసులో అందరూ బాగానే ఉన్నారు. ప్రసాద్ గారు ఒంటిగంటకి భోజనం చేస్తున్నారు. ఈ రెండు ముక్కలూ నాకు తెలుసు, ఆయన నంబరు నా దగ్గరుంది. నేను పని మానేసి ఏడు నెలలైంది, ఇంతవరకు ఆయనకి ఫోను చేయలేదు.